వాన ముందా, మోకాళ్లు ముందా

మొన్న మా చిన్నబిడ్డ నాకు కొత్త ఫోను కొనిచ్చి, వంటింట్లో ఎల్లిపాయ పోపు వాసన ఇంకా పోకముందే నా పక్కన పీటేసుకుని కూర్చుని, అందులో చుట్టాలందరి నంబర్లూ ఎక్కించింది. తన పేరు మీద నొక్కి చూపిస్తే, పైన పసుపురంగు చీటీలాగా ఏదో కనిపించింది. ఇదేందే అని అడిగాను. నేను ఐదో తరగతిలో బడి మానేసినదాన్ని, అక్షరాలు కూడబలుక్కుంటాను గానీ, అందులో ఉన్న మాట తెలుగులో రాసినా నాకు నోరు తిరగలేదు. ఎన్‌క్రిప్షన్ అట. జగిత్యాలలో కంప్యూటరు చదువు చదివిన పిల్ల కదా, విసుక్కోకుండా చెప్పింది. నేను పంపిన మాట నా ఫోనులోనే కలగాపులగం అవుతుందట, ఆ కలగాపులగమే గాలిలో పోతుందట, తన ఫోనుకు చేరాక మళ్లీ విడిపడి మామూలు మాట అవుతుందట. కలపడానికీ విప్పడానికీ తాళంచెవులు ఉంటాయట, విప్పే చెవి ఎవరికి పంపామో వాళ్ల దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండదట.

“నడుమ మోసేటోనికి మూట కనవడ్తది గని, లోపల ఏమున్నదో తెల్వది మమ్మీ. గంతే,” అంది.

ఆ మాట వినగానే నాకు బాపు యాదికొచ్చాడు. మా కోరుట్ల వైపు నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేవాళ్లం. ఫోను లేని కాలంలో, అవ్వకు సంతకం పెట్టడం కూడా రాని కాలంలో, వాళ్లిద్దరూ ఇదే పని చేశారు. అది చెప్పాలంటే మా ఇంటి నుంచి మొదలుపెట్టాలి.

మాది పెంకుటిల్లు. ముందర వెడల్పాటి అరుగు, ఆ అరుగు మీద మధ్యాహ్నం అయ్యేసరికి వాడకట్టు ఆడవాళ్లంతా ఒళ్లో చేటలు పెట్టుకుని బీడీలు చుట్టడానికి చేరేవారు. తడి గోనెసంచిలో మగ్గిన తునికాకు వాసన, తంబాకు ఘాటు, ఆకు కత్తిరించే కత్తెరల చప్పుడు, వానాకాలమైతే చూరు నుంచి ధారగా పడే నీళ్లు, ఎండాకాలమైతే కుండలో నానబెట్టిన జొన్న అంబలి, దానిలోకి నంజుకోను పచ్చి ఉల్లిగడ్డ, ఇవన్నీ కలిసిన ఒక వాసన ఉండేది, అది మా ఇంటి వాసన. ఆడపిల్లలం మేం కూడా పక్కన కూర్చుని బీడీల మూతులు ఒత్తేవాళ్లం. చేతులకు పని ఉన్నా నోళ్లు ఖాళీయే కదా. అందుకని పెద్దవాళ్లకు అర్థం కాకుండా మాట్లాడుకోను మాకొక భాష ఉండేది. ప్రతి అక్షరం ముందూ ఒక ‘క’ పెట్టాలి. నువ్వు రా అనడానికి ‘కనుకవ్వు కరా’ అనాలి. ఎవరింట్లో జామకాయలు పండాయో, చీకట్లో దాగుడుమూతలకు ఎక్కడ కలవాలో అన్నీ ఆ భాషలోనే తేల్చుకునేవాళ్లం. మహా గొప్పగా దాచుకున్నామనుకున్నాం. బాపు వాళ్లమ్మ, మా నాయినమ్మ, గోడకు ఆనుకుని కునికిపాట్లు పడుతూ ఒక్క పగలంతా విన్నదేమో, సాయంత్రం తలుపు దగ్గర నిలబడి, “కఅకన్నం కతికనుంకడ్రి కపొకల్లకలూ,” అంది. అన్నం తినండి పిల్లలూ అని. మా మొహాలు మాడిపోయాయి.

అవ్వ చేటలోంచి తలెత్తకుండానే అన్న మాట నాకు ఇంకా చెవిలో ఉంది.

“దినాం ఒక్కటే అచ్చరం వెడ్తె ముసల్ది పట్టదా? మారుసుకోవాలె.”

మర్నాటి నుంచి మేం సోమవారం ‘స’, మంగళవారం ‘మ’ అని రోజుకో అక్షరం పెట్టుకున్నాం. భాష అదే, పద్ధతి అదే, నాయినమ్మకు కూడా తెలిసిందే, కానీ ఆ రోజు అక్షరం ఏదో తెలియక పాపం చాలా రోజులు తల గోక్కుంది. దాచే పద్ధతి లోకానికంతా తెలిసినా ఫరవాలేదు, తాళంచెవి ఒక్కటి దాచుకుంటే చాలు. అప్పుడు అవ్వ ఎందుకలా చెప్పగలిగిందో మాకు తెలియదు. అప్పటికే ఆమె కొంగున అలాంటి తాళంచెవి ఒకటి ఉంది.

బాపు అసలు సిరిసిల్ల వైపు మగ్గం మనిషి. చేనేత సాగక, మరమగ్గాల మీద కూలి చాలక, మా ప్రాంతంలో ఇంటికొకరు పోయినట్టే ఆయనా గల్ఫుకు పోయాడు. జాబు రాస్తే చదివిపెట్టడానికి ఎవరినో బతిమాలాలి, అందుకని అక్కడివాళ్లు క్యాసెట్లో మాట్లాడి పంపేవారు. సెలవు మీద వచ్చేవాడి సంచిలో సబ్బులు, అత్తరు సీసాలు, ఖర్జూరాల నడుమ నాలుగైదు ఇళ్ల క్యాసెట్లు ఉండేవి. మా వాడలో టేపురికార్డరు యూసుఫ్ చాచాది. బజార్లో ఆయనకు గడియారాలూ రేడియోలూ బాగుచేసే డబ్బా దుకాణం ఉండేది. క్యాసెట్ వచ్చిందంటే ఆ టేపురికార్డరు డబ్బాను గుడ్డలో చుట్టి తెచ్చి, మా అరుగు మీద పెట్టేవాడు. ఇక చూడాలి పండగ. వాడకట్టంతా చాపల మీద చేరేది, అవ్వ బొబ్బెర గుడాలు ఉడకబెట్టి ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ వేసి తాలింపు పెట్టేది, అందరికీ ఆకుల్లో పంచేది. బాపు గొంతు మొదలుకాగానే నాయినమ్మ ఆ డబ్బాకే దండం పెట్టేది. అందరికీ శనార్తి అని దండాలు, ఆ తర్వాత యోగక్షేమాలు, పేరుపేరునా అడగడం, ఆ పేరుగలాయన చాప మీద ఉంటే మురిసిపోయి డబ్బాకు జవాబు చెప్పడం. బాపు మాట ఊరందరిదీ. అవ్వకు ఒక్కదానికే చెప్పుకునే మాటకు చోటెక్కడిది? పైగా క్యాసెట్ మోసుకొచ్చేవాడు చాలాసార్లు ఏజెంటు మనిషే. అక్కడ మాట్లాడేటప్పుడు పక్కన కూర్చునేది కూడా వాళ్ల మనుషులే.

అందుకని బాపు రెండోసారి పోయేముందు ఇద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. మాకు ఇది ఎన్నాళ్లకో తెలిసింది గానీ, మీకు ఇక్కడే చెప్తాను. శనార్తి అయినాక బాపు మొట్టమొదట నాయినమ్మ మోకాళ్ల సంగతి అడిగితే, ఆ క్యాసెట్లో తన పని గురించి చెప్పిందంతా ఉన్నదున్నట్టు. మొట్టమొదట వాన సంగతి అడిగితే, పని గురించి చెప్పిందంతా తలకిందులు. బాగుందంటే బాగాలేదు, రమ్మంటే రావద్దు. వాన అడగని గల్ఫు మనిషి లేడు, తల్లి మోకాళ్లు అడగని కొడుకూ లేడు. రెండూ ప్రతి క్యాసెట్లో ఉంటాయి. ఏది ముందన్నదే తాళంచెవి. ఊరంతా వింటుంది, ఊరికి వినపడేది ఒకటి, అవ్వకు చేరేది ఒకటి. ప్రతి సెలవులోనూ వచ్చినప్పుడు ఆ తాళంచెవిని మార్చుకునేవారట కూడా.

ఆ ఏడు మా మేనమామ మల్లేశం కూడా గల్ఫుకు పోవాలని బయల్దేరాడు. అవ్వ ఒక్కగానొక్క తమ్ముడు, తంగళ్లపల్లిలో ఉండి సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసేవాడు. బాపును పంపిన ఏజెంటే, బాపు పనిచేసే చోటికే వీసా ఉందన్నాడు. మామ పాస్‌పోర్టు తెచ్చి, జగిత్యాలలో ఏజెంటుకు ఇవ్వడానికి దగ్గరని, మా ఇంట్లో అవ్వ ట్రంకు పెట్టెలో దాచిపెట్టాడు. బావను ఒక్క మాట అడిగి పోదామని కబురు పంపారు. ఆ జవాబు క్యాసెట్లో రావాలి. పోవాలా, వద్దా, అంతా దాని మీదే ఉంది.

వానాకాలం చివర్లో క్యాసెట్ వచ్చింది. మామ వేములవాడ మీదుగా బస్సులో పొద్దున్నే దిగాడు. చాపలు పరిచారు, గుడాలు ఉడుకుతున్నాయి. ఇంతలో నాయినమ్మకు ఏమనిపించిందో. మా ఇంటికి కొత్త వస్తువు ఏదొచ్చినా, అది సైకిలైనా సానపట్టిన కత్తెరైనా, పసుపు కుంకుమ పెట్టందే ముట్టుకోనివ్వదు. పిల్లగాని బతుకు తేల్చే క్యాసెట్ కదా, దేవుని అర్రలోకి తీసుకుపోయి, పసుపు తడిపి, కుంకుమ అద్ది, నిండుగా బొట్లు పెట్టింది. ఎక్కడ పెట్టిందంటే, టేపు బయటికి కనిపించే ఆ మూతి దగ్గరే. మూతికి పెట్టకపోతే బొట్టు ఎట్లయితది అని తర్వాత ఆమె వాదన.

యూసుఫ్ చాచా చూసుకోకుండా డబ్బాలో వేసి నొక్కాడు. బాపు గొంతు బదులు పిల్లి ఏడ్చినట్టు ఒక చప్పుడు వచ్చింది. తీసి చూస్తే తడి పసుపుకు టేపు అంటుకుని చక్రానికి చుట్టుకుపోయింది. చాచా అక్కడే కూర్చుని, ఊపిరి బిగబట్టి, చుట్టుకున్నదంతా మెల్లగా లాగి, నలిగిన ముక్కను కత్తిరించి పారేయకుండా జేబులో వేసుకుని, మిగతా కొసలు అతికించి మళ్లీ పెట్టాడు. ఈసారి బాపు గొంతు వచ్చింది, నడిమధ్య నుంచి.

“...పని మంచిగున్నది. నీడపట్టు పని. తిండికి తిప్పల్లేదు, సేటు మంచోడు. మల్లేశాన్ని జల్ది తోలుండ్రి.”

చాపల మీద అందరూ మామ వీపు తట్టారు. మామ లేచి నాయినమ్మ కాళ్లు మొక్కి, “నీ పసుపుబొట్టు పన్జేసింది అత్తా,” అన్నాడు. అందరూ నవ్వారు. అవ్వ ఒక్కతే గుడాల గిన్నె పట్టుకుని గడపలో నిలబడి ఉంది. మొదలు పోయింది. శనార్తి పోయింది, దాని తర్వాతి మాట పోయింది. మూట చేతిలో ఉంది, దాన్ని విప్పే తాళంచెవి చాచా జేబులో నలిగి ఉంది. అదేదీ నాకు తెలియదు. అవ్వ చేతిలో గిన్నె వేడిగా ఉందేమో, ఎందుకలా పట్టుకుని నిలబడిందా అనుకున్నాను.

మర్నాడు అవ్వ నా చెయ్యి పట్టుకుని బజారుకు పోయింది. యూసుఫ్ చాచా కంటికి అద్దం బిగించుకుని ఏదో గడియారం విప్పుతున్నాడు. ఆ తెగిన ముక్క ఉన్నదా అన్నా అని అడిగింది. మరలు పోసుకునే రేకుడబ్బాలో ఉంది. అది వినాలని అడిగింది. చాచా వింతగా చూశాడు గానీ ఎందుకని అడగలేదు. ముక్కను బల్ల మీద పరిచి, దూదిని స్పిరిటులో ముంచి పసుపు తుడిచి, బొటనవేలి గోటితో మడతలు సాపు చేసి, పాత క్యాసెట్ ఒకటి విప్పి అందులో అతికించాడు. చాలా సేపు పట్టింది. నాకు ఎదురు హోటలు నుంచి ఉస్మానియా బిస్కెట్ తెప్పించి ఇచ్చాడు, అది చాయ్ లేకుండానే తినేశాను. చివరికి డబ్బాలో వేసి నొక్కితే, నీళ్లలోంచి మాట్లాడినట్టు బాపు గొంతు వచ్చింది. అందరికి శనార్తి. ఆ తర్వాత, ఆడ వానలు మంచిగ వడ్డయా. ఆ తర్వాత, అమ్మ మోకాళ్లు ఎట్లున్నయి.

చాచా ఇంకా ఏదో వస్తుందని చెవి పెట్టి కూర్చున్నాడు. ఏమీ రాలేదు.

“గింతేనా చెల్లె? ఈ వాన ముచ్చట కోసమా ఇంత మెహనత్?”

“గంతే అన్నా,” అంది అవ్వ. అని, అక్కడ ఉన్న స్టూలు మీద కూర్చుంది.

ఆ ముక్క ఇద్దరం విన్నాం, చాచా, నేను. మాకు వాన వినపడింది. పక్కనే కూర్చున్న మనిషికి, తన మొగుడు ఎండలో మాడుతున్నాడనీ, తిండి లేదనీ, తన తమ్ముడిని ఆ గుంటలోకి పంపవద్దనీ వినపడింది. ఒకే గొంతు, ఒకే డబ్బా.

ఇప్పుడు తెలిసింది. తెలిస్తే ఏం చెయ్యాలి? మా మామ మంచివాడే గానీ, నోట్లో నువ్వుగింజ నానదు. సంగతి చెబితే ఆ సాయంత్రానికే జగిత్యాల పోయి ఏజెంటు గల్లా పట్టుకుంటాడు. వారం తిరక్కుండా ఆ మాట సముద్రం దాటి బాపు పక్కన కూర్చునేవాళ్లకు చేరుతుంది. బాపు పాస్‌పోర్టు వాళ్ల గుప్పిట్లో ఉంది. ఎలా తెలిసిందో చెప్పకుండా ఆపాలి, ఆపడానికి కారణం చూపించకూడదు. ఇన్నేళ్లకు ఆలోచిస్తే, రహస్యం విప్పడం కంటే, విప్పిన తర్వాత దాన్ని కడుపులో పెట్టుకుని మసలడమే కష్టం అనిపిస్తుంది. దాని గురించి ఆ ఫోనులోని పసుపు చీటీ ఏమీ చెప్పదు.

మామ పాస్‌పోర్టు కోసం వచ్చినప్పుడు అవ్వ ట్రంకు పెట్టె మీద కూర్చుంది.

“నేనియ్య తమ్మీ. బావ లేడాయె, నువ్వు గూడ పోతే నాకు దిక్కెవలు?”

మామ మొదట నవ్వులాట అనుకున్నాడు. తర్వాత బతిమాలాడు. నాయినమ్మ కూడా కోడలిని తిట్టింది. అవ్వ పెట్టె మీది నుంచి కదల్లేదు. మామ గడప దాటుతూ అన్న మాటకు అరుగు మీద కత్తెరలన్నీ ఆగిపోయాయి.

“నీ పొయ్యి మండితే చాలు గదా అక్కా. నా పొయ్యిల నీళ్లు వోసినవ్. ఇగ నీకు తమ్ముడు లేడనుకో.”

ఆ వీసా మీద మల్లాపూర్ వైపు పిల్లవాడొకడు పోయాడని తర్వాత తెలిసింది. ఆ కబురు విన్న రోజు అవ్వ బీడీలు చుట్టలేదు. ఎందుకు చుట్టలేదో అడిగితే తలనొప్పి అంది.

మా దగ్గర ఆడబిడ్డను బతుకమ్మకు పుట్టింటికి తీసుకుపోవడానికి తమ్ముడో అన్నో రావాలి. ప్రతి ఏడూ బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస అమాస ముందే మామ వచ్చేవాడు. తంగళ్లపల్లిలో తొమ్మిది రోజులూ మాకు ఆటే ఆట, మామ తెచ్చిన గునుగు పూలకు రంగులద్దడం, తంగేడు పూలు తెంపుకుని వచ్చి చేతులు పచ్చబడటం, ఆఖరున సద్దుల రోజు నువ్వుల సద్ది, పెరుగు సద్ది, బెల్లం నెయ్యి పిసికిన మలీద ముద్దలు. ఆ ఏడు మామ రాలేదు. అవ్వ మాకు చెప్పకుండా సంచి సర్ది పెట్టుకుంది, సద్దుల నాడు ఆ సంచిలోంచి చీర తీసి మళ్లీ దండెం మీద వేసింది. మరుసటేడూ రాలేదు. నాకూ అవ్వ మీద కోపమే. మామ దగ్గర ఆడుకునే తొమ్మిది రోజులు ఈమె పంతం వల్ల పోయాయని, చెప్పిన పని చెయ్యకుండా మొహం తిప్పుకునేదాన్ని. ఊర్లో ఆమెను తమ్ముని బతుకు మీద దెబ్బకొట్టిన మనిషి అన్నారు. విన్నది, ఊరుకుంది.

రెండో ఏడు దసరా దాటినాక బాపు వచ్చాడు. ముందు మేమెవరమూ గుర్తుపట్టలేదు, ఎండు కట్టెలా ఉన్నాడు, పెదాలు పగిలి ఉన్నాయి. వెంట ఇంకో మనిషి, ఆ మల్లాపూర్ పిల్లవాడు. ఇద్దరినీ ఎడారిలో గొర్రెల దగ్గర పెట్టారట, ఇద్దరూ పారిపోయి, దయగల వాళ్లెవరో చేయందించి సాయం చేస్తే ఒకే విమానంలో వచ్చిపడ్డారట. ఆ పిల్లవాడికి అవ్వ వేడివేడిగా అన్నం పెట్టి, అతను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని విసనకర్ర విసిరింది. నాకెందుకో అది క్షమాపణలాగా తోచింది, అప్పుడు కాదు, ఇప్పుడు.

కబురు తెలిసి మామ పరుగున వచ్చాడు, బావ కోసం. అక్క వైపు చూడలేదు. బాపు చాయ్ తాగుతూ, నేను వాన ముందడిగిన గద, మీ అక్కకు తెలిసిందని నేను నిమ్మలంగున్న అన్నాడు. మామకు అర్థం కాలేదు. అప్పుడు బాపు అంతా విప్పి చెప్పాడు, వానా, మోకాళ్లూ, తలకిందులూ. నాయినమ్మ నోరు తెరుచుకుని, నా మోకాళ్లతోనే ఆటలాడిండ్రా మీరిద్దరు అంది. మామ గ్లాసు కింద పెట్టి లేచి బస్సుకు వెళ్లిపోయాడు.

మళ్లీ ఏడు పెత్రమాసకు ఇంకా చాలా రోజులుండగానే, పొద్దున్నే అరుగు మీద ఎవరో కూర్చున్నట్టుంటే తలుపు తీశాం. మామ. ఎప్పుడొచ్చాడో, లేపకుండా కూర్చున్నాడు. అవ్వ గడపలోకి వచ్చింది.

“మా ఇంటి తొవ్వ యాదున్నదారా?”

“బయలెల్లు అక్కా. బస్సు పోతది,” అన్నాడు తల దించుకుని. అంతే. అవ్వ లోపలికి పోయి సంచి సర్దుకుంది.

ఇవాళ మా వాడలో అరుగులు లేవు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయాయి. బీడీలు చుట్టే చేతులు తగ్గిపోయాయి. యూసుఫ్ చాచా లేడు, ఆ డబ్బా దుకాణం చోట ఆయన కొడుకు సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతున్నాడు. గల్ఫులో ఉన్న మా వాళ్లు రోజూ సాయంత్రం ఫోనులో మొహమే చూపిస్తారు, కూర ఏం వండుకున్నారో గిన్నె కూడా చూపిస్తారు. మొహం కనపడ్డాక గొంతును ఎవరు అంత చెవి పెట్టి వింటారు? ఒక్క మాట కోసం వాడకట్టంతా ఊపిరి బిగబట్టి కూర్చోవడం, మాట్లాడేవాడికి మనం వినపడమని తెలిసీ జవాబు చెప్పడం, అవి పోయాయి.

బాపు కూడా పోయాడు. ఆ దెబ్బ తిని లేచాక ఆయన మంచి చోట పని దొరికి మళ్లీ గల్ఫుకు పోయాడు, ఇంకా కొన్నేళ్లు క్యాసెట్లు పంపాడు. వాటిని చాచా కొడుకు ఈ మధ్య చిన్న పాటల డబ్బాలోకి ఎక్కించి ఇచ్చాడు. అవ్వకు ఎనభై దాటాయి, కళ్లు సరిగా ఆనవు, చెవులు మాత్రం బాగున్నాయి. పగటిపూట మంచం మీద కూర్చుని వింటుంది. మొన్న ఒక క్యాసెట్లో బాపు, దూడ ఇంకా తాడు తెంపుకుంటున్నదా అని అడిగాడు. ఆ మాట మేం చిన్నప్పుడు కూడా చాలాసార్లు విన్నదే, అప్పట్లో నాయినమ్మ ఎండకు కొడుకు మతి చెదిరిందని కళ్లు ఒత్తుకునేది. ఎందుకంటే మా ఇంట్లో ఆ రోజుల్లో పశువన్నదే లేదు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది.

“మనకు దూడ యాడిదే అవ్వా?” అని అడిగాను.

“ఉండె తియ్యి. నీకేమెరుక,” అంది. డబ్బా నా వైపు జరిపింది. “గా మాట మల్లొక్కపారి వెట్టు బిడ్డా.”